ఆవగింజంత బాపు

బెంగళూరు
ఆగస్టు 12, 2011

మానసక్కకు,

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాల పిచ్చేమిటని నవ్వుకుంటావు. ఇంట్లో ఫోన్ ఎత్తేది బాపు. ఎత్తగానే స్పీకర్ పెడతాడు. ఇక నేను దగ్గినా అవ్వ వింటుంది, పక్కింటి రాములవ్వ వింటుంది, సాయంత్రానికి కోరుట్ల మార్కెట్ యార్డులో హమాలీలందరికీ తెలుస్తుంది. నీ ఒక్కదానితోనే మాట్లాడాలంటే ఇదే దారి. అందుకే జగిత్యాలలో నువ్వు పనిచేసే నర్సింగ్ హోమ్ అడ్రసుకు రాస్తున్నాను.

ముందు నా కోపం. బాపు పేగులో గడ్డ ఉందని తెలిసి, హైదరాబాద్ తీసుకుపోయి, కోయించి, కుట్లు విప్పించి ఇంటికి తెచ్చాక నాకు చెప్పావు. "నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే" అన్నావు. క్యాన్సర్ మీదనే పరిశోధన చేస్తున్న దాన్ని నేను. ఊరందరికంటే వెనక తెలిసింది నాకే. కాలేయంలో రెండు మచ్చలు మిగిలాయని, రెండు వారాలకొకసారి హైదరాబాద్ పోయి మందు ఎక్కించుకోవాలని కూడా మొన్ననే చెప్పావు. ఇంకేం దాచావో నాకు తెలియదు.

అక్కడ నువ్వు చేసేదేందని అడిగావు కదా. రోగి నుంచి కోసిన గడ్డలో చిన్న ముక్క మాకు మంచులో వస్తుంది. అందులోని కణాలను విడదీసి, అడుగున దేనికీ అంటుకోని గిన్నెల్లో పెంచుతాం. పట్టుకోవడానికి ఏమీ దొరకక అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండ కడతాయి. కొన్నాళ్లకు ఆవగింజంత అవుతుంది. ఒంట్లోని గడ్డలాగే దానికీ అంచు, నడుమ ఉంటాయి. అంచుకు తిండి బాగా అందుతుంది, నడుమ ఉన్నవి ఆకలితో బతుకుతాయి. రోగికిచ్చే మందే ఆ ఉండకూ ఇస్తాం. తర్వాత గడ్డకట్టించి, వెంట్రుక కన్నా పల్చగా కోసి, ఆ పొర మీద చుక్క చుక్కగా లేజర్ వేస్తాం. తగిలిన చోట ఉన్న పదార్థం పైకి లేస్తుంది. మిషన్ దాని బరువు చూసి అదేమిటో చెబుతుంది. కణాలు ఏ చోట ఏం తిన్నాయి, ఏం అరిగించుకున్నాయి, మందు ఎంత లోపలికి పోయింది, పోయి ఏమైంది, అన్నీ రంగుల పటంగా వస్తాయి.

మాకు నంబర్లే రావాలి, పేర్లు రాకూడదు. ఈమధ్య హైదరాబాద్ నుంచి వచ్చిన కొన్ని సీసాల మీద చీటీలు తీయడం మరిచిపోయారు. ఒకదాని మీద దేవదాస్ అని ఉంది, కరీంనగర్ జిల్లా అని కూడా. చర్చిలో బాపును పిలిచే పేరు. మన జిల్లాలో ఎంతమంది దేవదాసులో అనుకున్నాను.

ఒక్క మాట అడుగుతాను. ఆపరేషన్ అప్పుడు బాపు గడ్డలోంచి ముక్క తీసుకుంటామని ఎవరైనా నీతో సంతకం పెట్టించారా? నిజం రాయి.

నీ చెల్లె
అఖిల


జగిత్యాల
ఆగస్టు 24, 2011

అఖిలకు,

నీ ఉత్తరం మా రిసెప్షన్ పిల్ల అందరి ముందు ఇచ్చింది. జగిత్యాల అంతా నాకు సంబంధం కుదిరిందనుకుంటోంది. పుణ్యం కట్టుకున్నావు.

ఆపరేషన్ రోజు నేను పెట్టిన సంతకాలకు లెక్కలేదు. ఏ కాగితంలో ఏముందో ఎవరు చదివారు? నర్సునే అయినా ఆ రోజు నేను రోగి బిడ్డను. ఆ సంగతి వదిలెయ్. సీసా ఎవరిదైతే నీకేం, అందరివీ ఒక్క తీరుగా చూడు.

బాపు సంగతి వినాలని ఉంటుంది నీకు. మందు ఎక్కించిన మూడు రోజులు మనిషి మనిషిలా ఉండడు. గంజి కూడా నిలవదు. నాలుగో రోజు లేచి కూర్చుంటాడు. ఐదో రోజు తువ్వాల భుజాన వేసుకుని హమాలీ సంఘం టెంటు దగ్గరికి పోతాడు. వచ్చే నెల అందరూ కలిసి పెద్ద సమ్మె చేస్తారట, బస్సుల వాళ్లు, బొగ్గు బాయి వాళ్లు, మాస్టార్లు. "బస్తాలు మోసెటోళ్లం మేము దిగకపోతే గది సమ్మెనా" అంటాడు. అవ్వ బీడీల చాట ముందేసుకుని, ఆకు కత్తిరిస్తూనే మొగుణ్ని తిట్టింది. "ఇంటి మొగోనికి పానం బాగలేదు, తెలంగాణకు పానం పోస్తడట" అంది. బాపు నవ్వాడు. చానా రోజులకు నవ్వాడు.

వార్డులో బాపుకు ఒక దోస్తు కూడా దొరికాడు. ముస్తాబాద్ ఆయన, తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఇద్దరికీ ఒకే మందు, ఒకే రోజు. పక్కపక్క మంచాలు. వాంతులయ్యే దాకా ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు.

నువ్వు క్రిస్మస్‌కు రా. అంతకు ముందు సెలవు దొరకదని తెలుసు.

మానస


బెంగళూరు
సెప్టెంబర్ 9, 2011

అక్కా,

ఇది చదివి చింపెయ్. మా గైడ్ మేడమ్‌కు తెలిస్తే నా పీహెచ్‌డీ ఇక్కడితో సరి.

నువ్వు దాచినా నాకు తెలిసింది. బాపు ముక్క మా దగ్గరికే వచ్చింది. సీసా మీద పేరు చూసిన రోజు బాత్రూమ్‌లోకి పోయి నీళ్లు తిప్పి ఏడ్చాను. తర్వాత బయటికొచ్చి చేతులు కడుక్కుని పని మొదలుపెట్టాను. వేరే వాళ్లకు ఇమ్మని చెప్పాల్సింది, చెప్పలేదు. బాపును ఇంకొకరి చేతిలో పెట్టబుద్ధి కాలేదు. సెలవు రోజుల్లో కూడా పోయి ఆ గిన్నెలో తిండి మార్చాను. ఆవగింజంత ఉండ కట్టింది. దాంతో మాట్లాడాను కూడా. నవ్వకు.

నిన్న పటాలు వచ్చాయి. మందు అంచుల్లోనే ఆగిపోయింది, ఉంగరం లాగా. నడుమ లేదు. ఒంట్లోకి పోయాక ఆ మందు మారి అసలు విషం తయారవుతుంది, కణాలను చంపేది అదే. అది నడుమ అసలే లేదు. కణాలు బతకడానికి వాడుకునే శక్తి పదార్థం మాత్రం అక్కడ వెలుగుతూ కనిపించింది. అంటే నడుమ ఉన్నవన్నీ హాయిగా ఉన్నాయి. రెండో ఉండ కోశాను, మూడోది కోశాను. అదే ఉంగరం.

బాపు అన్నన్ని రోజులు వాంతులు చేసుకునేది ఒట్టిదే అక్కా. ఆ మందు ఆయనకు పనిచేసేది కాదు. గిన్నెలో ఉండ వేరు, మనిషి వేరు అని మాకు మొదటి రోజే నేర్పుతారు. నాకూ తెలుసు. కానీ నా కళ్లతో చూసి ఊరుకోలేను. ఈ మందు ఆపించు. వేరేది ఉందేమో డాక్టరును అడుగు.

అఖిల


జగిత్యాల
సెప్టెంబర్ 27, 2011

అఖిలా,

ఉత్తరం ఆలస్యంగా చేరింది. రైళ్లు ఆపారు, బస్సులు డిపో దాటడం లేదు. నేనే కోరుట్ల నుంచి జగిత్యాలకు రోజుకో బండి పట్టుకుని వస్తున్నాను. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవునికే తెలియాలి.

అవును, ఆ ముక్కకు సంతకం పెట్టింది నేనే. అది బెంగళూరులో మీ దగ్గరికి పోతుందని అప్పుడే చెప్పారు. దాచమన్నది బాపు. "నా పేగు దాని చేతుల పడ్డదని తెలిస్తే దాని చెయ్యి వణుకుతది, చెప్పకు" అన్నాడు. నీ మొదటి ఉత్తరంలో ఆ సీసా సంగతి చదివి కూడా తెలియనట్టు రాశాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, అందుకే నోరు కట్టేసుకున్నాను. ఏం లాభం, నువ్వు కనిపెట్టనే కనిపెట్టావు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మందు రోజు దాటిపోయింది, బాపును తీసుకుపోలేదు. డాక్టరుకు ఏమని చెప్పాలి? మా చెల్లె మిషన్‌లో చూసింది, కాగితం మాత్రం లేదు అని చెప్పాలా? బస్సులు లేవు సార్ అన్నాను. బండి దొరికించుకుని ఎట్లైనా రమ్మన్నాడు, ఆలస్యం మంచిది కాదన్నాడు. సరే సార్ అని పెట్టేశాను. వచ్చే వారం ఇంకో మందు రోజు వస్తుంది. అప్పుడు కూడా ఇదే అబద్ధం చెప్పాలి.

బాపు సంబరం చూడాలి నువ్వు. వాంతులు లేవు. అన్నం తింటున్నాడు. రోజంతా టెంటులోనే. ఎల్లన్న అనే హమాలీతో కలిసి డప్పు కూడా కొట్టాడట. అవ్వ మొఖం తేటపడింది ఇన్ని రోజులకు. నాకొక్కదానికే నిద్ర లేదు. రోగులకు సూదులిచ్చేటప్పుడు కూడా అదే ఆలోచన. మందు ఆపితే మనిషి బాగుండటం మామూలే, అది బాగవడం కాదని నాకు తెలుసు. నీ మాట మీద బాపు పానం పెట్టాను అఖిలా. ఇంకోసారి చూడు. నువ్వు చూసింది నిజమేనా, ఇంకోసారి చూసి రాయి.

మానస


బెంగళూరు
అక్టోబర్ 7, 2011

అక్కా,

చూశాను. మిగిలిన ఉండలు కూడా కోసి, నా పేరు మీద ఉన్న మిషన్ టైం అంతా దానికే పెట్టాను. అదే పటం వచ్చింది. నా చెయ్యి వణకలేదని బాపుకు చెప్పు.

ఒక తప్పు జరగడానికి వీలుందేమోనని చీటీలు కూడా మళ్లీ చూసుకున్నాను. బక్కయ్య, మగ, పెద్దపేగు, కరీంనగర్ జిల్లా. అదే ఆస్పత్రి, అదే నెల. రేషన్ కార్డు మీద, నా సర్టిఫికెట్ల మీద తండ్రి పేరుగా ఏముందో ఆ పేరే. వయసు ఒక రెండేళ్లు అటూ ఇటూ ఉంది. బాపు వయసు అవ్వకే తెలియదు, ఆస్పత్రి వాళ్లకేం తెలుస్తుంది. ఆ సీసా నా బల్ల మీదే ఉంది. మేడమ్ పడేయమన్నా పడేయలేదు.

నువ్వు నిద్రపో అక్కా. మనం చేసింది సరైన పనే.

అఖిల


కోరుట్ల
అక్టోబర్ 14, 2011

అఖిల,

ఫోన్‌ల ఏడుపు తప్ప ఏం మాట్లాడనియ్యలే నువ్వు. నేను గూడ కసిరిన. అందుకే రాస్తున్న, నిమ్మలంగ చదువు.

బాపును నేను గా ఆస్పత్రిల బక్కయ్య అని రాయియ్యలే. దేవదాస్ అని రాయించిన. రేషన్ కార్డు మీద పైసల్లేకుంట ఆపరేషన్ చెయ్యాల్నంటే నెల రోజులు ఆగుమన్నరు. పాస్టర్ గారు ఉత్తరం రాసిచ్చిండు, మిషన్ ఆస్పత్రి గదా, మర్నాడే చేర్చుకున్నరు. చర్చి ఉత్తరంల చర్చి పేరే ఉంటది. నువ్వు దేవదాస్ సీసా అని రాస్తివి. అది సూసే నువ్వు కనిపెట్టినవ్ అనుకున్న. నువ్వేమో కార్డు పేరు సూసి ఇంకెవలనో బాపు అనుకున్నవ్. ఇద్దరం నోరు తెరిచి ఒక్క పేరు అనుకుంటే అయిపోవు. నువ్వు నాకు దాసినవ్, నేను నీకు దాసిన.

రెండు సార్లు మందు తప్పింది. మన బాపుకు నేనే తప్పిచ్చిన.

ఎల్లుండి పొద్దుగాల బయలెల్లుతున్నం. బస్సు లేదు, రైలు లేదు. ఆటోలు మారుకుంట సిరిసిల్ల దాకా పోతం, అక్కడ సుశీల చిన్నమ్మ ఇంట్ల ఉండి సిద్దిపేట మీదికెల్లి పోతం. దేవదాస్ సీసా తియ్యి. ఏమున్నదో సూడు. మంచిదైనా చెడ్డదైనా రాయి. ఈసారి పేరు పెట్టి రాయి.

మానస


సిరిసిల్ల
అక్టోబర్ 17, 2011

అఖిలకు,

చిన్నమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. కోపంలో రాసిన ఆ ఉత్తరం మన ఇంటి మాటల్లోనే వచ్చేసింది, బడి భాష గుర్తుకు రాలేదు. తిట్టినందుకు ఏమీ అనుకోకు. తిట్లలో సగం నాకే.

వేములవాడ దగ్గర సమ్మె వాళ్లు రోడ్డు మీద వంటలు పెట్టి దారి ఆపారు. బాపు ఆటో దిగి పోయి, "తమ్మీ, నేను గూడ మీలెక్కనే టెంటుల కూసున్నోన్నే. పేగు కోసిన్రు, మందుకు పోతున్న" అని అంగీ ఎత్తి కుట్ల మచ్చ చూపించాడు. వాళ్లే రాళ్లు తీసి ఆటోను దాటించారు. ఒకాయన పులిహోర పొట్లం కూడా ఇచ్చాడు. ఆటో ఎక్కాక బాపు దమ్ము పట్టలేక నా భుజం మీద వాలిపోయాడు. ఈ నెలలో ఎంత బరువు తగ్గాడో అప్పుడు తెలిసింది నాకు. టెంటులో ఉన్నప్పుడు తువ్వాల కప్పుకుని దాచాడు.

ఇక్కడ కరెంటు లేక బట్ట నేసే సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. ఎప్పుడు వచ్చినా ఆ చప్పుడుకు మనం అరుచుకుని మాట్లాడుకునేవాళ్లం. ఈసారి వాడంతా నిశ్శబ్దం. అందుకే రాత్రి నేను చిన్నమ్మతో చెప్పుకుంటున్నదంతా బాపు విన్నాడు. రెండు సీసాలు, రెండు పేర్లు, నేను మందు మాన్పించింది, అన్నీ. కొడతాడనుకున్నాను. మంచం మీద లేచి కూర్చున్నాడు.

తర్వాత అడిగాడు. "అయితే మందు ఎక్కనిది గా బక్కయ్యకా?"

"అవును బాపు."

"గాయన నాకెరుకే. ముస్తాబాద్ ఆయన, నా పక్క మంచం. నా కార్డు మీద గూడ బక్కయ్యనే అంటే నవ్విండు, ఒక్క పేరుకు రెండు కడుపులు కోసిన్రు అన్నడు. గాయనకు జెప్పిన్రా?"

లేదని తల ఊపాను.

"నేను నీ బాపునని మందు బంద్ చేయిస్తివి. గాయన ఎవలకు ఏం గాడని గమ్మున కూసుంటివా? గాయన ఇంకా గదే మందు ఎక్కించుకుంటుండు. గవే వాంతులు."

డాక్టరుకు కాగితం కావాలి బాపు, అఖిల చెబితే దాని చదువు పోతుంది అన్నాను. బాపు నా వైపు చూసి, "పోతే పోతది. సదువు మల్ల అస్తది" అన్నాడు. అంతే, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రేపు పొద్దున ముస్తాబాద్ మీదుగా పోతున్నాం. ఆ బక్కయ్యను కూడా ఆటోలో ఎక్కించుకోవాలట. ఆయనకు పెండ్లాం పోయింది, పిల్లల్లేరు, సమ్మె మొదలైనప్పటి నుంచి ఒక్కడే దొరికిన బండి ఎక్కి మందుకు పోతున్నాడట. బాపు వినేటట్టు లేడు. ఇక నువ్వేం చేస్తావో నీ ఇష్టం అఖిలా. నేను నిన్ను బలవంతం చేయను. బాపు చేస్తున్నాడు.

మానస


బెంగళూరు
అక్టోబర్ 29, 2011

మానసక్కకు,

దేవదాస్ ఉండలు ఫ్రీజర్‌లో వరుసలో వెనక ఉన్నాయి, ముందుకు తెచ్చుకున్నాను. పొర కోసేటప్పుడు ఈసారి చెయ్యి వణికింది. బాపు అన్నది నిజమే. ఒక పొర చిరిగింది, ఇంకోటి తీశాను.

పటం అంచు నుంచి నడుమ దాకా నిండింది. మందు నడుమకు చేరింది, చేరి విషంగా మారింది. శక్తి పదార్థం నడుమ చల్లారిపోయి ఉంది. ఆ ఉండలో మందు పనిచేసింది అక్కా. మన బాపు మందు పనిచేసేదే. దాన్నే నేను ఆపమన్నాను.

నీ సిరిసిల్ల ఉత్తరం చదివి మేడమ్ గదిలోకి పోయాను. చీటీలు చూశానని, పేర్లు పట్టుకుని ఇంటికి రాశానని, ఒక మనిషి మందు నా మాట మీద ఆగిందని, ఆ పటం నిజానికి ఇంకో మనిషిదని, ఆయన ఇంకా అదే మందు మీద ఉన్నాడని చెప్పాను. మేడమ్ కేకలేయలేదు, వేస్తే బాగుండేది. "నీ తండ్రి కాదని తెలిశాక కూడా ఎందుకు చెప్తున్నావు?" అని అడిగింది. మా బాపు చెప్పమన్నాడు అన్నాను.

నన్ను రోగుల పని నుంచి తీసేశారు. ఆరు నెలలు ఎలుకల కణాలతో పని. పీహెచ్‌డీ ఉంటుందో లేదో కమిటీ చెబుతుంది. మేడమ్ మాత్రం అప్పటికప్పుడే పటాలు పెట్టి ఆస్పత్రి డాక్టరుకు రాసింది. ఇది రుజువు కాదు, అనుమానం మాత్రమే అని రాసింది. బక్కయ్యకు స్కాన్ ముందుగానే తీస్తామని ఆయన జవాబిచ్చాడట.

బాపుకు మందు మళ్లీ ఎక్కిందని ఫోన్‌లో చెప్పావు. నాతో మాట్లాడతాడా? స్పీకర్ పెట్టినా సరే.

అఖిల


కోరుట్ల
ఫిబ్రవరి 19, 2012

అఖిలకు,

క్రిస్మస్‌కు వచ్చి నాలుగు రోజులున్నావు, బాపుతో సరిగ్గా మాట్లాడకుండానే పోయావు. ఆయన మంచం చుట్టూ తిరిగావు, కాళ్లు పిసికావు. బాపు గమనించాడు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న బాపుకు స్కాన్ తీశారు. రెండు మచ్చల్లో ఒకటి కనిపించడం లేదు. ఇంకోటి ఉంది, చిన్నదైంది. తప్పిన రెండు మందులు పడి ఉంటే అదీ పోయేదా అని డాక్టరును అడిగాను. ఎవరూ చెప్పలేరమ్మా అన్నాడు. ఆ ప్రశ్న నాతోనే ఉంటుంది, నీతో కూడా. ఇద్దరం మోద్దాం.

ముస్తాబాద్ బక్కయ్య పోయినవారం పోయాడు. స్కాన్‌లో పెరిగిందని తేలి మందు మార్చారు. కొత్త మందుతో రెండు నెలలు బాగానే ఉన్నాడు. వాంతులు లేకుండా తిన్నాడు, సంక్రాంతి నాడు తాటి వనం దాకా నడిచిపోయి చెట్లు చూసి వచ్చాడట. తర్వాత కాలేయం ఆగిపోయింది. బాపు పోయి చివరిదాకా ఉన్నాడు. వంశంలో మిగిలింది దూరపు పాలోళ్లే, వాళ్లలో ఎవరో ఒకరు నిప్పు పట్టారు. బాపు పాడె మోశాడు. కోసిన చోట బరువు పడుతుందని నేను వద్దన్నా వినలేదు.

ఇక కింద రాసేది బాపు మాట. ఆయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. ఒక్క మాట మార్చొద్దన్నాడు.

"బిడ్డా అఖిలా. నాకు కోపం లేదు. ఉండె, సిరిసిల్లల ఒక్క రాత్రి ఉండె, పోయింది. గా బక్కయ్యకు ఎనుకా ముందు ఎవలు లేకుండె. మంచంల ఉన్నప్పుడు నేను చెప్పిన, మా చిన్నబిడ్డ నీ గడ్డను ఆవగింజంత చేసి, సెలవుల నాడు గూడ పోయి తిండి పెట్టింది, దాంతోని మాట్లాడింది, నీ పేరు సూసి ఏడ్సింది అని. గాయన నా దిక్కు తిరిగిండు. నాకోసమేనా అన్నడు. నీకోసమే అన్న. నేనని అనుకున్నదని చెప్పలే. నువ్వు గూడ ఎవలకు చెప్పకు. నువ్వు ఏడ్సింది ఉత్తగ పోలే బిడ్డా, గాయనకు అందింది. ఇగ ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టనే పెట్ట."